పాత పెడల్ స్టీల్ గిటార్ చేతికొచ్చిందా? నట్టు తిప్పే ముందు ఇది చదవండి

నెలకి ఇద్దరైనా ఇదే అడుగుతున్నారు. పాత పెడల్ స్టీల్ ఒకటి దొరికింది, తీగలు తుప్పు పట్టాయి, పెడల్ తొక్కితే శ్రుతి ఎక్కడికో పోతోంది, వదిలితే వెనక్కి రావట్లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాయడం నావల్ల కావట్లేదు కాబట్టి మొత్తం ఇక్కడ పెడుతున్నా. పెడల్ స్టీల్ అంటే కాళ్ల మీద బల్లలా నిలబడే గిటార్, తీగల మీద ఉక్కు బార్ జరుపుతూ, పెడల్స్ తొక్కి, మోకాలితో లివర్లు తోసి శ్రుతి మారుస్తూ వాయిస్తారు. చరిత్ర ఏమీ చెప్పను, నేరుగా పనిలోకి దిగుదాం.

ఒక్క విషయం మాత్రం ముందే చెప్పాలి. మంచి పాత పెడల్ స్టీల్ చాలావరకు టైలర్ కుట్టిన బట్టలాంటిది. ఎవరో ఒకాయన ఆర్డరిచ్చి తన కాలి పొడవుకి, మోకాలి ఎత్తుకి, తన చెవికి నచ్చిన పద్ధతిలో కట్టించుకున్నది. ఆ కొలతలన్నీ గిటార్ అడుగున, పెడల్ కదలికని తీగకి చేరవేసే రాడ్ల రూపంలో ఉంటాయి. వాటిని కాగితం మీదకి ఎక్కించకుండా నట్లు తిప్పారంటే ఆయన అమరిక పోయినట్టే, మళ్లీ రాదు.

1. కొనే ముందు చూడాల్సినవి

మొదట అది ఏ రకం యంత్రమో తేల్చుకోండి. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, అడుగున మాత్రం లోకాలు వేరు.

- ఆల్-పుల్: శ్రుతి పెంచినా తగ్గించినా రాడ్డు లాగుతుంది. కుడి చివర ఎండ్ ప్లేట్‌లో వరసగా నైలాన్ నట్లు కనిపిస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇదే సులువు.
- పుష్-పుల్: ఎమ్మన్స్ కంపెనీ పాత గిటార్లు ఇవి. పెంచడానికి లాగుతుంది, తగ్గించడానికి తోస్తుంది. నాదం అద్భుతం, సెట్ చేయడం తలనొప్పి.
- పాత షో-బడ్‌లు (ఇదీ ఒక కంపెనీయే): ఒక్కో కాలంలో ఒక్కో యంత్రం. డెబ్బైల మొదట్లో వచ్చిన వాటిలో రాడ్ల చివర బ్యారెల్స్ (గుండ్రటి చిన్న లోహపు ముక్కలు) ఉంటాయి.
- ఫెండర్ 400, 1000: రాడ్లు కాదు, కేబుళ్లు.

ఆ తర్వాత మెడలు. ఒక్క మెడ అయితే సాధారణంగా ఇ9 ట్యూనింగ్ (తీగల శ్రుతి అమరిక పేరు), రెండు మెడలైతే రెండోది సి6. రెండు మెడలది కేసుతో కలిపితే 30 కిలోల పైమాటే. అమెరికా నుంచి హైదరాబాద్ తీసుకెళ్దామనుకునేవాళ్లు ఇక్కడే ఆగి లెక్క వేసుకోండి, చాలా విమాన సంస్థలు 32 కిలోలు దాటిన పెట్టెని చెక్-ఇన్‌లో తీసుకోవు. కాళ్లు, పెడల్ బార్, పెడల్ రాడ్లు విడదీసి వేరే సూట్‌కేసులో సర్దుకోవాల్సిందే.

చెక్‌లిస్టు:

- ప్రతి పెడల్, ప్రతి మోకాలి లివర్ కదులుతోందా? బిగుసుకున్నా ఫరవాలేదు, విరిగితేనే సమస్య.
- అడుగున లోహపు భాగాల్లో పగుళ్లు ఉన్నాయా? కొన్ని పాత షో-బడ్‌లలో పాట్ మెటల్ (చవక మిశ్రలోహం) వాడారు, అది వయసు మీద పడితే బిస్కెట్‌లా చిట్లుతుంది. టార్చి వేసి చూడండి.
- నాలుగు కాళ్లూ గట్టిగా బిగుస్తున్నాయా? మర అరిగిందా?
- పెడల్ రాడ్లు అన్నీ ఉన్నాయా? లెక్కపెట్టండి.
- చెక్క మీద సన్నటి గీతల్లాంటి లాకర్ (మెరుపు పూత) పగుళ్లు ఉంటే భయపడకండి, అవి పైపైనే. కీహెడ్ (ఎడమ చివర తీగలు బిగించే చోటు) దగ్గర చెక్కే చీలితే మాత్రం వదిలేయండి.

ముందు పలక మీద పాత యజమాని పేరుంటే చెరిపించకండి. స్పీడీ వెస్ట్ అనే పాతకాలపు వాద్యకారుడు వాయించిన బిగ్స్‌బీ గిటార్ మీద ఆయన పేరే పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ రోజుల్లో కట్టించుకున్నవాళ్లకి అదో ముచ్చట, ఇప్పుడు సేకరించేవాళ్లకి అదే విలువ.

2. విప్పేటప్పుడే గుర్తులు పెట్టండి

పెడల్ స్టీల్‌ని కేసులో బోర్లా పెడతారు, అడుగు భాగం పైకి వస్తుంది. కాళ్లు, పెడల్ బార్ విప్పేది అక్కడే.

పెడల్ నుంచి పైకి వెళ్లే నిలువు రాడ్లు చూడ్డానికి ఒకే పొడవు అనిపిస్తాయి, కానీ కాదు. ఒక్కోదాన్ని ఆ పెడల్ ఎత్తుకి తగ్గట్టు సరిచేసి ఉంటారు. నా మొదటి గిటార్ అమ్మినాయన వాటిని రబ్బరు బ్యాండు చుట్టి కట్టగా ఇచ్చాడు, నేనూ ఏమీ అడగలేదు. ఇంటికొచ్చి తోచినట్టు తగిలిస్తే ఒక పెడల్ నేలకి తగులుతోంది, ఇంకోటి గాల్లో ఉంది, ఆదివారం మొత్తం దానికే పోయింది. మాస్కింగ్ టేప్ ముక్క మీద 1, 2, 3 అని రాసి అంటించండి. రెండు నిమిషాల పని.

అడుగు భాగాన్ని కనీసం పది ఫొటోలు తీయండి. ముఖ్యంగా ఏ రాడ్డు బెల్‌క్రాంక్‌లో (పెడల్ కదలికని రాడ్డుకి అందించే చిన్న లోహపు చేయి) ఏ రంధ్రంలో ఉంది, ఛేంజర్ (కుడి చివర తీగల శ్రుతి మార్చే యంత్రం) వైపు ఏ రంధ్రంలో ఉంది అన్నది స్పష్టంగా కనపడాలి. స్ప్రింగులు కూడా.

3. పెడల్ చార్టు రాసుకోండి

అందరూ వదిలేసే పని ఇదే. కాగితం మీద పది అడ్డ గీతలు గీయండి, తీగకి ఒకటి. పెడల్‌కి, లివర్‌కి ఒక్కో నిలువు గీత. ఇప్పుడు గిటార్‌ని మళ్లీ కాళ్ల మీద నిలబెట్టి ఒక్కో పెడల్ తొక్కుతూ ఛేంజర్‌లో ఏ ఫింగర్ (ఒక్కో తీగ కొసని పట్టుకున్న లోహపు ముక్క) కదులుతోందో చూసి ఆ గడిలో గుర్తు పెట్టండి. ఫింగర్ పైభాగం కుడి చివర ఎండ్ ప్లేట్ వైపు పోతే పెంచడం, కీహెడ్ వైపు పోతే తగ్గించడం. తీగలు పాతవైనా సరే, తెగిపోకుండా ఉంటే ట్యూనర్ పెట్టి ఏ స్వరం నుంచి ఏ స్వరానికి వెళుతోందో కూడా రాయండి.

పోల్చుకోవడానికి మామూలు ఇ9 అమరిక ఇదీ. ఒకటో తీగ మీకు దూరంగా, పదోది మీ పొట్ట వైపు ఉంటుంది.

- తీగలు 1 నుంచి 10 వరకు: ఎఫ్ షార్ప్, డి షార్ప్, జి షార్ప్, ఇ, బి, జి షార్ప్, ఎఫ్ షార్ప్, ఇ, డి, బి.
- ఎ పెడల్ (పెడల్స్‌కి ఎ, బి, సి అన్నవి పేర్లే, స్వరాలు కావు): 5, 10 తీగలు బి నుంచి సి షార్ప్‌కి.
- బి పెడల్: 3, 6 తీగలు జి షార్ప్ నుంచి ఎ కి.
- సి పెడల్: నాలుగోది ఇ నుంచి ఎఫ్ షార్ప్‌కి, ఐదోది బి నుంచి సి షార్ప్‌కి.
- ఒక మోకాలి లివర్ 4, 8 తీగల్ని ఇ నుంచి ఎఫ్‌కి పెంచుతుంది, ఇంకోటి అవే తీగల్ని డి షార్ప్‌కి దించుతుంది.
- మరో లివర్ రెండో తీగని దించుతుంది. మిగతావి వాయించేవాడి ఇష్టం.

ఎడమ నుంచి ఎ, బి, సి అని ఉంటే ఎమ్మన్స్ సెటప్. సి, బి, ఎ అని తిరగేసి ఉంటే డే సెటప్. "నా గిటార్‌లో పెడల్స్ తప్పుగా బిగించారు" అని కంగారుపడి నాకు రాసినవాళ్లలో సగం మందివి డే సెటప్ గిటార్లే.

మీ గిటార్ ఈ పట్టికకి తేడాగా ఉంటే తప్పు అనుకోకండి. పాతాయన ఆరో తీగని ఎందుకు దించాడో మీకిప్పుడు తెలియకపోవచ్చు. నాలుగు నెలలు వాయించాక మార్చాలో వద్దో తేల్చుకోండి.

4. శుభ్రం చేయడం

పెడల్ వదిలినా తీగ వెనక్కి రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం మురికే. ముప్పై నలభై ఏళ్ల నూనె, దుమ్ము, సిగరెట్ పొగ కలిసి ఛేంజర్‌లో బంకలా పేరుకుపోతాయి.

కావలసినవి: సిగరెట్ లైటర్లలో పోసే నాఫ్తా, పాత టూత్‌బ్రష్, నూలు గుడ్డలు, దూదిపుల్లలు, పల్చటి కుట్టు మిషన్ నూనె.

ఆరుబయట చేయండి. నాఫ్తా భగ్గున అంటుకుంటుంది, పొయ్యి, అగరుబత్తి, దీపం ఏదీ దగ్గర్లో ఉండకూడదు.

తీగలు తీసి, ఛేంజర్ చుట్టూ చెక్క మీద గుడ్డలు కప్పి, పికప్ (తీగల నాదాన్ని పట్టే అయస్కాంతపు భాగం) మీద పడకుండా చూసుకుని, ఫింగర్ల మధ్యకి కొద్దికొద్దిగా వదలండి. ఒకరు వదులుతుంటే ఇంకొకరు చేత్తో ఫింగర్లని ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఉండాలి. కిందకి నల్లటి నీరు కారుతుంది, అది తేటగా వచ్చేవరకూ ఆపొద్దు. పూర్తిగా ఆరాక ఒక్కో ఫింగర్‌కి ఇరుసు దగ్గర ఒక్క చుక్క నూనె. ఒక్కటే.

ఇక్కడ జరిగే తప్పులు:

- డబ్ల్యూడీ-40 కొట్టడం. ఆ వారం బ్రహ్మాండంగా కదులుతుంది, తర్వాత మిగిలిన పొర దుమ్ముని పట్టేస్తుంది.
- గ్రీజు రాయడం. సైకిల్ కాదండీ ఇది.
- మొత్తం ఛేంజర్ విప్పేయడం. విప్పడం ఎవరికైనా వస్తుంది.

ఎడమ చివర కీహెడ్ దగ్గర చిన్న చక్రాలుంటాయి, తీగలు వాటి మీదుగా వెళతాయి. వేలితో తిప్పితే తేలిగ్గా తిరగాలి. తీసి తుడిచేటప్పుడు వరస మారనివ్వకండి. చాలా గిటార్లలో ఒక్కో చక్రపు గాడి ఆ తీగ మందానికి తగ్గట్టు కోసి ఉంటుంది, కలిపేస్తే కొన్ని తీగలు పైకీ కొన్ని కిందకీ అయి బార్ సరిగ్గా ఆనదు.

సముద్రం గాలి తగిలే ఊళ్లలో, విశాఖ, కాకినాడ లాంటి చోట్ల, ఉక్కు రాడ్లకి తుప్పు తొందరగా వస్తుంది. రాడ్లని నూనె గుడ్డతో తుడిచి, కేసులో సిలికా జెల్ సంచులు పడేయండి.

5. తీగలు

ఇ9 కోసం నేను వాడే మందాలు, అంగుళాల్లో, ఒకటి నుంచి పది వరకు: 0.013, 0.015, 0.011, 0.014, 0.017, 0.020, 0.026, 0.030, 0.034, 0.038. ఆరోది సాదా తీగ, ఏడు నుంచి చుట్టినవి. పాతాయన ఆరో తీగకి చుట్టినది 0.022 వాడి ఉంటే అదే వేయండి. మీరు సాదా తీగ వేస్తే పెడల్ ప్రయాణం మారిపోతుంది, అప్పుడు యంత్రంలో తప్పుందనుకుని నట్ల మీద పడతారు.

తెగేది మూడో తీగ. ఎప్పుడూ అదే. 0.011 మందం తీగని జి షార్ప్ దాకా బిగించి, పెడల్ తొక్కినప్పుడల్లా ఇంకా పైకి లాగితే ఏమవుతుంది మరి. కొత్త తీగ కూడా రెండు రోజులకే తెగుతుంటే, ఛేంజర్ ఫింగర్ పైభాగం భూతద్దంతో చూడండి, తీగ కోసిన గాడి కనిపిస్తుంది. 2000 నంబర్ ఉప్పుకాగితంతో తీగ దిశలోనే మెల్లగా రుద్ది, మెటల్ పాలిష్‌తో మెరిసేదాకా తుడవండి. ఆకారం మారేంత రుద్దకూడదు. మూడో తీగలు విడిగా అరడజను కొని పెట్టుకోండి.

6. శ్రుతి చేసే వరస

ఇది ఆల్-పుల్ గిటార్లకి. వరస తప్పితే గంటల తరబడి తిరుగుతూనే ఉంటారు.

మొదట అన్ని నైలాన్ నట్లూ పెడల్ వదిలేసినప్పుడు కొంచెం వదులుగా ఉన్నాయో లేదో చూడండి. బిగువుగా ఉన్న నట్టు తీగని కొద్దిగా లాగిపట్టి ఉంచుతుంది, అలాంటప్పుడు ఓపెన్ శ్రుతి (ఏ పెడలూ తొక్కనప్పటిది) ఎప్పటికీ నిలవదు.

తర్వాత ఓపెన్ తీగలు కీహెడ్ దగ్గర. పదీ అయ్యాక మళ్లీ ఒకసారి మొదటినుంచీ, ఎందుకంటే ఒకటి బిగిస్తే ఇంకోటి దిగుతుంది.

తర్వాత పెంచేవి: పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకుని ఎండ్ ప్లేట్ దగ్గర ఆ తీగ నట్టు తిప్పండి. ఆ తర్వాత దించేవి, అదే పద్ధతి. పెడల్ తొక్కి ఉన్నప్పుడు కీహెడ్ ముట్టుకోకూడదు. ఇదొక్కటి గుర్తుంచుకుంటే సగం సమస్యలు రావు.

ఇప్పుడు చెవి సంగతి. ట్యూనర్‌లో అన్నీ సున్నా దగ్గర పెట్టి, కార్డ్ వాయిస్తే ఏదో గరగర అనిపిస్తోందని చాలామంది అంటారు. నిజమే. ఇ ని షడ్జమం అనుకుంటే జి షార్ప్ గాంధారం. తంబురా పక్కన కూర్చున్నవాళ్లకి అందులోంచి తనంతట తానే పలికే గాంధారం తెలుసు, ఆ గాంధారం ట్యూనర్ చూపించే దానికన్నా దాదాపు 14 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) కింద ఉంటుంది. ఫ్రెట్లు లేని ఈ వాయిద్యం మీద బార్ పెట్టి రెండు తీగలు కలిపి సాగదీసినప్పుడు ఆ తేడా ఇట్టే వినిపిస్తుంది.

కాబట్టి జి షార్ప్ తీగలు, రెండో తీగ డి షార్ప్, ఎ పెడల్‌తో వచ్చే సి షార్ప్, ఇవన్నీ 10 నుంచి 14 సెంట్లు కిందికి పెట్టండి. ఇ నుంచి ఎఫ్‌కి వెళ్లే లివర్ ఇంకా కిందకి, 25 సెంట్ల పైన. ఎందుకంటే దాన్ని ఎ పెడల్‌తో కలిపి వాడతారు, అప్పుడది సి షార్ప్‌కి గాంధారం, ఆ సి షార్ప్ ఇప్పటికే 14 సెంట్లు దిగి ఉంది. మొదటిసారి ట్యూనర్‌లో ఈ అంకె చూసి గిటార్ పాడైందనుకున్నా. కళ్లు మూసుకుని వింటే సరిపోయింది.

అన్నీ మరీ దిగినట్టు వినిపిస్తే మొత్తం గిటార్‌ని కాస్త పైకి, ట్యూనర్‌ని మామూలు 440 బదులు 441, 442 హెర్ట్జ్ దగ్గర పెట్టి చేయండి. పియానోతో కలిసి వాయించేవాళ్లు ఈ సెంట్లు కొంచెం తగ్గించుకుంటారు, అది బేరం లాంటిది, ఎవరి చెవి వాళ్లది.

పుష్-పుల్ ఉన్నవాళ్లు పైన చెప్పిన వరస వాడొద్దు. దాంట్లో ఓపెన్‌లో ఫింగర్ బాడీకి ఆనుకుని గట్టిగా నిలబడాలి, దాని నాదమంతా అక్కడే ఉంది. రాడ్లలో ఆ కాస్త వదులు లేకపోతే ఫింగర్ ఆనదు, శ్రుతి రోజుకోలా ఉంటుంది. మొదటిసారి దాన్ని సెట్ చేసిన అనుభవం ఉన్నవాళ్ల పక్కన కూర్చుని చేయండి, లేదా వీడియో కాల్‌లో చూపిస్తూ చేయండి.

7. పెడల్ గట్టిగా ఉందా, దూరం ఎక్కువ పోతోందా?

రెండూ ఒకేసారి తగ్గవు. తూకం లాంటిది, ఒకవైపు తేలిక చేస్తే ఇంకోవైపు ప్రయాణం పెరుగుతుంది.

- బెల్‌క్రాంక్‌లో రాడ్డుని షాఫ్ట్‌కి దూరంగా ఉన్న రంధ్రంలోకి మారిస్తే ప్రయాణం తగ్గుతుంది, పెడల్ గట్టిపడుతుంది.
- ఛేంజర్ వైపు ఇరుసుకి దూరంగా ఉన్న రంధ్రంలోకి మారిస్తే పెడల్ మెత్తబడుతుంది, ప్రయాణం పెరుగుతుంది.

ఒకే పెడల్ రెండు తీగల్ని లాగుతుంటే రెండూ కలిసి మొదలై కలిసి ఆగాలి. ఎ పెడల్‌లో ఐదోది ముందే చేరి పదోది వెనకబడితే మధ్యలో ఆ జారుడు వికారంగా వినిపిస్తుంది. ఒక్కసారి ఒక్క రంధ్రమే మార్చి, వాయించి చూసి, చార్టులో రాసి, అప్పుడే రెండోది ముట్టుకోండి.

మోకాలి లివర్లు తగలకపోతే లివర్ వంచడం కన్నా ముందు కుర్చీ ఎత్తు మార్చి చూడండి. పొడుగాటి మనిషికి కట్టిన గిటార్‌కి కాళ్లు కూడా పొడుగ్గా ఉండొచ్చు, పొట్టి కాళ్లు విడిగా దొరుకుతాయి. పాత కాళ్లు పారేయకండి.

8. లక్షణం చూసి జబ్బు పట్టడం

- దించి వదిలాక శ్రుతి కిందే ఉండిపోతోంది: దించే ఫింగర్‌ని వెనక్కి లాగే స్ప్రింగ్ బలహీనపడింది, లేదా మురికి పూర్తిగా పోలేదు.
- పెంచి వదిలాక కొంచెం పైనే ఉంటోంది: రాడ్డు ఎక్కడో రాసుకుంటోంది, లేదా నట్టు వదులు లేదు.
- పెంచి వదిలాక కొంచెం దిగుతోంది, ఒకసారి దించి వదిలితే సరవుతోంది: కీహెడ్ చక్రం తిరగట్లేదు.
- పెడల్ చివర్లో మెత్తగా, రబ్బరులా ఉంది: నట్టు అతిగా బిగించారు. వదులు చేసి మళ్లీ మొదలుపెట్టండి.
- ఎ, బి పెడల్స్ తొక్కితే సంబంధం లేని నాలుగో తీగ కూడా దిగుతోంది: ఇది క్యాబినెట్ డ్రాప్, అంటే తొక్కిన బలానికి చెక్క పెట్టె కొద్దిగా వంగుతోంది. నాలుగైదు సెంట్లు దాకా నేను పట్టించుకోను. పది దాటితే కాళ్ల బిగువు, బాడీ స్క్రూలు, చెక్క అతుకులు ఆ వరసలో చూడండి.

9. కరెంటు వైపు

ఇది త్వరగా తేలిపోతుంది. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి జాక్ దగ్గర చూడండి. పెడల్ స్టీల్ పికప్‌లు మామూలు గిటార్ కన్నా ఎక్కువ చుట్లతో ఉంటాయి, 15 నుంచి 20 వేల ఓమ్స్ మధ్య కనిపిస్తే బాగున్నట్టే. అసలు ఏ అంకే చూపించకపోతే పికప్ లోపల చుట్టిన తీగ ఎక్కడో తెగింది, మళ్లీ చుట్టించవచ్చు. పాత పికప్ తీసి కొత్తది పెట్టినా పాతది మాత్రం దాచండి.

శబ్దం గరగరమంటే గిటార్ కన్నా ముందు వాల్యూమ్ పెడల్‌ని అనుమానించండి. లోపలి పాట్ (శబ్దం పెంచి తగ్గించే తిరిగే భాగం) నిరంతరం తిరిగి అరిగిపోతుంది, చాలావాటిలో 500 కిలో ఓమ్స్‌ది ఉంటుంది, మార్చడం తేలిక.

గిటార్‌కి ఓల్టేజీ సమస్య లేదు, అది తనంతట తాను కరెంటు తీసుకోదు. ఆంప్ తీసుకుంటుంది. అమెరికాలో కొన్న 120 ఓల్టుల ఆంప్‌ని మన 230 ఓల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే ఒక్క క్షణంలో కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఆంప్ వెనక రాసిన వాట్ల కన్నా బాగా ఎక్కువ సామర్థ్యం ఉన్నది.

10. మళ్లీ కేసులో పెట్టే ముందు

- నిలువు రాడ్ల మీద టేపు గుర్తులు అలాగే ఉన్నాయా?
- కాళ్లు, పెడల్ బార్ గుడ్డలో చుట్టారా? లోపల దొర్లితే మొదట దెబ్బతినేది అడుగున ఉన్న రాడ్లే.
- బార్, పిక్కులు, నట్టు తిప్పే చిన్న రెంచ్ ఒకే సంచిలో ఉన్నాయా?
- మూడో తీగలు ఎన్ని మిగిలాయి?
- చార్టు రెండు కాగితాలు: ఒకదాని మీద గిటార్ మీకొచ్చినప్పుడు ఉన్న అమరిక, రెండోదాని మీద మీరు మార్చినవి, తేదీలతో. రెండూ కేసు మూతకి లోపలివైపు అంటించండి.